సముద్రం లేని దేశం నుంచి క్రూడ్ ఎగుమతి: అజర్‌బైజాన్, సోకార్‌పై తరచుగా అడిగే ప్రశ్నలు

చమురు మార్కెట్‌ను గమనించేవాళ్లు, ఇంధన రంగంలో కొత్తగా చేరినవాళ్లు, రిఫైనరీ కొనుగోలు విభాగాల్లో పనిచేసేవాళ్లు అజర్‌బైజాన్ గురించి మళ్లీ మళ్లీ అవే సందేహాలు అడుగుతున్నారు. అందుకే జవాబులన్నీ ఒకచోట పెట్టాం. ఏ జవాబుకు ఆ జవాబే పూర్తిగా ఉంటుంది, కావాల్సిన చోట మొదలుపెట్టి చదువుకోవచ్చు. ఒక్కటి మాత్రం ముందే చెప్పాలి. సముద్రం లేని దేశానికి కొనేవాడు దొరకడం అంత కష్టం కాదు. పక్క దేశాల నేల మీదుగా పోయే చమురు ఎవరిది, ఎంత, ఏ నాణ్యతది అన్న మూడు లెక్కలను చివరిదాకా తప్పకుండా కాపాడుకోవడమే అసలు పని.

## మొదటి దశ: దేశం, కంపెనీ, చమురు

అజర్‌బైజాన్‌కు కాస్పియన్ తీరం ఉంది కదా, సముద్రం లేని దేశం అని ఎలా అంటారు?

కాస్పియన్ పేరుకే సముద్రం. దానికి ఏ మహాసముద్రంతోనూ సహజమైన దారి లేదు. బయటకు వచ్చే నీటిదారులు రష్యాలోని వోల్గా నది మీదుగానే పోతాయి, వాటిలో ముఖ్యమైనది వోల్గా-డాన్ కాలువ. ఆ కాలువ లాకుల్లో పట్టే ఓడ సుమారు 5,000 టన్నుల సరుకు మోస్తుంది. చలికాలంలో నీళ్లు గడ్డకట్టి రాకపోకలు ఆగిపోతాయి. ప్రపంచ మార్కెట్లో ఒక మామూలు క్రూడ్ కార్గో (ఒక ఓడలో ఒకేసారి వెళ్లే సరుకు) 80,000 నుంచి 1,35,000 టన్నులు ఉంటుంది. కాబట్టి బాకు రేవు నుంచి నేరుగా ఇటలీకో ఇండియాకో క్రూడ్ పంపే వీలే లేదు. పొరుగు దేశం దాటించే పైపో, రైలో కావాల్సిందే.

సోకార్, సోకార్ ట్రేడింగ్ ఒకటేనా?

కాదు. సోకార్ అజర్‌బైజాన్ ప్రభుత్వ చమురు కంపెనీ, 1992లో ఏర్పడింది. బావులు, రిఫైనరీ, పైపులైన్ వాటాలు, పెట్రోలు బంకులు అన్నీ దాని కింద ఉంటాయి. సోకార్ ట్రేడింగ్ దాని వ్యాపార విభాగం. 2007 చివర్లో జెనీవాలో రిజిస్టర్ అయి, 2008 నుంచి అజర్‌బైజాన్ క్రూడ్ అమ్మకం చేపట్టింది. సింగపూర్, దుబాయ్ లాంటి చోట్ల కూడా పనిచేస్తుంది. సొంత దేశపు చమురుతో పాటు ఇతరుల చమురు కూడా కొని అమ్ముతుంది.

జెనీవా ఎందుకంటే, సరుకుకు అప్పిచ్చే బ్యాంకులు, ఓడ బ్రోకర్లు, అనుభవమున్న ట్రేడర్లు అక్కడే ఉన్నారు. దేశంలోనే ఉండి, వచ్చిన మధ్యవర్తికి అమ్ముకుంటే ఓడ కిరాయి లాభం, ధర తేడా లాభం బయటివాళ్ల జేబులోకి పోతాయి. ఆ లాభాన్ని ఇంట్లోనే ఉంచుకోవడానికి పెట్టిన కంపెనీ ఇది.

అక్కడ తీసే చమురంతా ప్రభుత్వానిదేనా?

కాదు. దేశపు క్రూడ్‌లో అత్యధిక భాగం అజెరి-చిరాగ్-గునెష్లి అనే కాస్పియన్ క్షేత్రాల సముదాయం నుంచి వస్తుంది. దాన్ని బ్రిటిష్ చమురు కంపెనీ బీపీ నడుపుతుంది. 1994 సెప్టెంబరు 20న కుదిరిన ఉత్పత్తి భాగస్వామ్య ఒప్పందాన్ని 2017లో సవరించి 2049 దాకా పొడిగించారు. అప్పుడే సోకార్ వాటా 11.65 నుంచి 25 శాతానికి పెరిగింది.

ఈ ఒప్పందంలో పైకి వచ్చిన చమురు రెండు భాగాలవుతుంది. కంపెనీలు పెట్టిన ఖర్చును రాబట్టుకునేది ఖర్చు చమురు. మిగిలింది లాభ చమురు, దాన్ని ప్రభుత్వమూ కంపెనీలూ పంచుకుంటాయి. ట్రేడర్ చేతికి ముఖ్యంగా వచ్చేవి ప్రభుత్వ లాభ చమురు, భాగస్వామిగా సోకార్‌కు దక్కే వాటా. బీపీ, ఇతర భాగస్వాములు తమ బ్యారెళ్లు తామే అమ్ముకుంటారు. సోకార్ సొంత పాత క్షేత్రాల చమురు ఎక్కువగా బాకు రిఫైనరీకే పోతుంది.

అజెరి లైట్‌కు అంత మంచి ధర ఎందుకు?

అజెరి లైట్ అంటే అజర్‌బైజాన్ క్రూడ్‌కు మార్కెట్లో ఉన్న పేరు. ఏపీఐ గ్రావిటీ (క్రూడ్ ఎంత తేలికో చెప్పే కొలత) సుమారు 35-36, గంధకం 0.15 శాతం దగ్గర. అంటే తేలికైన, గంధకం చాలా తక్కువ ఉన్న క్రూడ్. దీని నుంచి కిరోసిన్, డీజిల్ ఎక్కువగా రావడం అసలు ఆకర్షణ. గంధకం తీసే యూనిట్లు చిన్నవిగా ఉన్న మధ్యధరా రిఫైనరీలకు ఇది సరిగ్గా అతుకుతుంది. అందుకే చాలాకాలం డేటెడ్ బ్రెంట్ (క్రూడ్ ధరలకు కొలమానంగా వాడే ఉత్తర సముద్రపు చమురు ధర) కంటే ఎక్కువ ధరకే అమ్ముడవుతోంది. సోకార్‌కు టర్కీలోని అలియాగాలో సొంత స్టార్ రిఫైనరీ ఉంది, 2018లో ప్రారంభమైంది, ఏడాదికి కోటి టన్నుల సామర్థ్యం. అయినా అందులో బరువైన, చౌక క్రూడ్ ఎక్కువ వాడతారు. ఖరీదైన సరుకును బయట అమ్మి, తమ యంత్రాలకు సరిపడే చౌక సరుకు కొనుక్కోవడం మంచి లెక్క.

## రెండో దశ: పైపు దారి

బీటీసీ పైపులైన్ ఎలా ఉంటుంది?

బాకు-టిబిలిసి-జెయ్‌హాన్ పేర్ల పొట్టి రూపమే బీటీసీ. బాకుకు దక్షిణంగా 55 కిలోమీటర్ల దూరంలోని సంగచాల్ టెర్మినల్‌లో మొదలై, టర్కీ మధ్యధరా తీరంలోని జెయ్‌హాన్‌లో ముగుస్తుంది. పొడవు 1,768 కిలోమీటర్లు: అజర్‌బైజాన్‌లో 443, జార్జియాలో 249, టర్కీలో 1,076. ఎక్కువ భాగం 42 అంగుళాల పైపు, జార్జియాలో 46, చివర సముద్రం వైపు దిగే భాగంలో 34. పంపింగ్ స్టేషన్లు ఎనిమిది. దారిలో అత్యంత ఎత్తైన చోటు 2,800 మీటర్ల పైనే. ఎక్కేటప్పుడు తోయడానికి పంపులు ఎంత అవసరమో, దిగేటప్పుడు ఒత్తిడి తగ్గించే ఏర్పాట్లూ అంతే అవసరం.

2005 మేలో సంగచాల్ నుంచి నింపడం మొదలైంది. చమురు 2006 మే 28న జెయ్‌హాన్ చేరింది, మొదటి ఓడ జూన్ 4న కదిలింది. రోజుకు 10 లక్షల బ్యారెళ్లకు కట్టినదాన్ని, రాపిడి తగ్గించే రసాయనం కలిపి 2009 నాటికి 12 లక్షలకు పెంచారు. అజర్‌బైజాన్, జార్జియా భాగాలను బీపీ నడుపుతుంది. టర్కీ భాగం అక్కడి ప్రభుత్వ సంస్థ బోటాష్ అనుబంధ కంపెనీ చేతిలో ఉంది.

రష్యా మీదుగా, జార్జియా రేవుల మీదుగా కూడా పైపులున్నాయి కదా, వాటిని వదిలి బీటీసీనే ఎందుకు?

రెండు కారణాలు: నాణ్యత, ఇస్తాంబుల్ దగ్గరి బోస్ఫరస్ జలసంధి.

ఉత్తర దారి బాకు నుంచి రష్యా నల్ల సముద్ర రేవు నొవొరోసిస్క్‌కు పోతుంది. అక్కడ అజెరి లైట్ రష్యన్ క్రూడ్‌తో కలిసిపోతుంది. రష్యా పైపు వ్యవస్థలో నాణ్యత తేడాకు పరిహారం ఇచ్చే పద్ధతి లేదు. మంచి సరుకు వేసినవాడు కూడా ఆ చివర మామూలు రష్యన్ గ్రేడే తీసుకోవాలి. ప్రతి బ్యారెల్ మీదా కొన్ని డాలర్లు అక్కడే పోతాయి.

పశ్చిమ దారి 1999లో మొదలైన బాకు-సుప్సా పైపు, సుమారు 830 కిలోమీటర్లు. అది అజెరి లైట్‌ను కలపకుండానే జార్జియా తీరానికి చేర్చేది. 2022లో దాన్ని ఆపి ఆ చమురును బీటీసీకి మళ్లించారు. సుప్సా నుంచైనా, నొవొరోసిస్క్ నుంచైనా ఓడ ఇస్తాంబుల్ నగరం మధ్యలోని జలసంధి దాటాలి. పెద్ద ట్యాంకర్లను పగటిపూట మాత్రమే వదులుతారు. చలికాలం పొగమంచులో రోజుల తరబడి వరుసలో నిలబడాల్సి వస్తుంది, ఆ రోజులకూ ఓడ కిరాయి నడుస్తూనే ఉంటుంది. జెయ్‌హాన్ నేరుగా మధ్యధరాలో ఉంది కాబట్టి ఈ బెడద లేదు.

సంగచాల్‌లో వేసిన చమురే జెయ్‌హాన్‌లో చేతికి వస్తుందా?

రాదు. పైపులో అందరి చమురూ కలిసిపోతుంది. అజెరి లైట్‌తో పాటు షా దెనిజ్ గ్యాస్ క్షేత్రపు కండెన్సేట్ (గ్యాస్‌తో పాటు వచ్చే తేలికైన ద్రవం), ట్యాంకర్లలో కాస్పియన్ దాటి వచ్చిన తుర్క్‌మెనిస్తాన్, కజకిస్తాన్ చమురు కూడా అందులో ప్రవహిస్తాయి. చమురు పంపిన కంపెనీకి మిగిలేది ఫలానా బ్యారెళ్ల మీద హక్కు కాదు, మొత్తం రాశిలో ఇంత పరిమాణం మీద హక్కు.

అందుకే నాణ్యత ఖాతా అవసరమవుతుంది. ఎవరు ఎంత ఏపీఐతో, ఎంత గంధకంతో వేశారో లోపలికి వచ్చేచోట కొలుస్తారు. మిశ్రమం కంటే మంచిది వేసినవాళ్లకు పరిహారం, తక్కువది వేసినవాళ్లకు కోత. ఇది సరిగా నడవకపోతే మంచి చమురున్న దేశమే నష్టపోతుంది.

ఇంకో సంగతి చాలామందికి తట్టదు. పైపు ఎప్పుడూ నిండుగా ఉండాలి. బీటీసీ కడుపులో సుమారు కోటి బ్యారెళ్లు ఎల్లప్పుడూ ఉంటాయి. దాన్ని అమ్ముకోలేరు. బ్యారెల్ 70 డాలర్లనుకుంటే 70 కోట్ల డాలర్ల సరుకు భూమిలో పడి ఉన్నట్టే. చమురు పంపేవాళ్లు తమ తమ వాటా దీనికి సమకూర్చాలి. రోజుకు 6 లక్షల బ్యారెళ్ల లెక్కన, ఇవాళ సంగచాల్‌లో వేసిన చుక్క అటువైపు తేలడానికి రెండు వారాలు దాటుతుంది.

పైపు కిరాయి ఎలా ఉంటుంది? సామర్థ్యంలో సగమే నడిస్తే ఎవరికి నష్టం?

చమురు పంపేవాళ్లు బ్యారెల్‌కు ఇంత అని టారిఫ్ కడతారు. దాన్నుంచే నిర్వహణ ఖర్చు, దారి ఇచ్చిన దేశాల రుసుములు, పెట్టుబడి రాబడి తేలతాయి. పంపు సిబ్బంది, కాపలా, తుప్పు తనిఖీ లాంటి ఖర్చులు ప్రవాహం తగ్గినంత మాత్రాన తగ్గవు. అజెరి-చిరాగ్-గునెష్లి 2010లో రోజుకు 8 లక్షల బ్యారెళ్లు దాటింది, ఇప్పుడు దానిలో సగం కూడా రావడం లేదు. బీటీసీ దాదాపు సగం సామర్థ్యంతోనే నడుస్తోంది. తక్కువ బ్యారెళ్ల మీద అదే ఖర్చు పడుతుంది. కజకిస్తాన్ చమురుకు బాకు తలుపు తెరవడం వెనుక ఈ లెక్క కూడా ఉంది. కజకిస్తాన్ ప్రభుత్వ చమురు కంపెనీ కజ్‌ముణాయ్‌గాజ్‌తో ఏడాదికి 15 లక్షల టన్నుల ఒప్పందం కుదిరి, 2023లో రవాణా మొదలైంది. సోకార్ పైపు కంపెనీలో వాటాదారు కూడా కాబట్టి, పరాయి చమురు కిరాయిలో దానికీ వాటా వస్తుంది.

జార్జియానో టర్కీయో మధ్యలో చమురు పట్టుకుంటే ఏం చేస్తారు?

ఆ భయానికి మందు పైపు వేయకముందే రాసుకోవాలి. 1999 నవంబరులో ఇస్తాంబుల్‌లో మూడు దేశాలూ అంతర్‌ప్రభుత్వ ఒప్పందం చేసుకున్నాయి. దాని కింద ఒక్కో దేశంతో పైపు కంపెనీకి విడిగా ఒప్పందం ఉంది. దారిలో ఉన్న చమురు మీద దారి ఇచ్చిన దేశానికి హక్కు ఉండదని, రుసుము ఎంతో, తగాదా వస్తే ఎక్కడ మధ్యవర్తిత్వమో అందులోనే తేల్చుకున్నారు.

అలా తేల్చుకోకపోతే ఏమవుతుందో దక్షిణ సూడాన్ చూసింది. 2011లో విడిపోయినప్పుడు బావుల్లో ఎక్కువ భాగం దక్షిణానికి, పైపూ రేవూ ఉత్తరానికి వెళ్లాయి. రుసుము తేలలేదు. బాకీ కింద సూడాన్ చమురు తీసేసుకోవడంతో, 2012 జనవరిలో దక్షిణ సూడాన్ రోజుకు సుమారు 3,50,000 బ్యారెళ్ల ఉత్పత్తినే ఆపేసింది. మళ్లీ మొదలైంది 2013 ఏప్రిల్‌లో. ప్రభుత్వ ఆదాయంలో దాదాపు అంతా చమురు నుంచే వచ్చే దేశం ఏడాదికి పైగా ఆదాయం లేకుండా గడిపింది.

## మూడో దశ: అమ్మకం, ధర

క్రూడ్ ఎవరు కొంటారు? వేలం పెడతారా?

కొంత సరుకు ఏడాది ఒప్పందాల మీద పోతుంది: నెలకు ఇన్ని కార్గోలు, ధర సూత్రం ముందే స్థిరం. మిగిలింది స్పాట్‌లో, అంటే ఒక్కో కార్గో విడిగా అమ్ముతారు. రిఫైనరీలు తామే టెండరు పిలిస్తే ట్రేడర్ అందులో కోట్ చేస్తాడు. భారత ప్రభుత్వ రిఫైనరీలు స్పాట్ కొనుగోళ్లు చేసేది ఎక్కువగా ఇలాగే.

ఏళ్లుగా అందరికంటే పెద్ద కొనుగోలుదారు ఇటలీ. అక్కడి ట్రియెస్తె రేవులో దింపిన అజెరి చమురు ఆల్ప్స్ పర్వతాలు దాటే పైపుల్లో జర్మనీకి, చెక్ రిపబ్లిక్‌కూ వెళుతుంది. చెక్ రిపబ్లిక్‌కూ సముద్రం లేదు. తీరం లేని ఒక దేశపు చమురు మూడు పైపులు, ఒక ఓడ మారి తీరం లేని ఇంకో దేశానికి చేరుతుందన్నమాట.

ధర ఎలా కడతారు? ఒప్పందం రోజునే తేలుతుందా?

ఒప్పందం రోజున తేలేది సూత్రం, అంకె కాదు. డేటెడ్ బ్రెంట్ సగటు, దానికి కలిపే లేదా తీసే తేడా. ఏ రోజుల సగటు అన్నది కాంట్రాక్టులో ఉంటుంది. బిల్ ఆఫ్ లేడింగ్ (సరుకు ఓడెక్కిందని ఇచ్చే రసీదు) తేదీ తర్వాత అయిదు ధర ప్రకటన రోజులు అనేది మామూలుగా కనిపించే పద్ధతి.

ఊహాలెక్క: ఆ అయిదు రోజుల సగటు 70 డాలర్లు, తేడా 2.50 అదనం. బ్యారెల్ 72.50. పది లక్షల బ్యారెళ్ల కార్గోకు 7.25 కోట్ల డాలర్లు. తేడాలో పది సెంట్లు బేరమాడి గెలిస్తే లక్ష డాలర్లు. ట్రేడర్ ప్రతిభ కనబడేది ఈ తేడాలోనే, ఎందుకంటే బ్రెంట్ ధర ఎవరి చేతిలోనూ లేదు.

సముద్రం లేని దేశానికి ఇక్కడ అదనపు చిక్కు ఉంది. ఈరోజు బావిలోంచి తీసిన బ్యారెల్ పైపు, ట్యాంకు దాటి ఓడెక్కేసరికి మూడు, నాలుగు వారాలు కావచ్చు. ధర తేలేది అప్పుడు. సొంత వాటా చమురుకు ఆ ఎగుడుదిగుళ్లు ఖజానా భరిస్తుంది. ట్రేడింగ్ కంపెనీ బయట కొన్న సరుకుకు మాత్రం బ్రెంట్ ఫ్యూచర్లలో (ముందు తేదీకి ఇప్పుడే ధర కట్టే ఒప్పందాల్లో) ఎదురు అమ్మకం వేసి రక్షణ పెట్టుకోక తప్పదు.

ఎఫ్ఓబీ జెయ్‌హాన్, సిఐఎఫ్ అగస్టా: ఈ రెంటిలో ఏది లాభం?

ఎఫ్ఓబీలో కొనేవాడే ఓడ తెచ్చుకుంటాడు. జెట్టీ దగ్గర లోడింగ్ గొట్టం ఓడకు తగిలే అంచు దాటగానే సరుకు అతనిదవుతుంది. సిఐఎఫ్‌లో అమ్మేవాడే ఓడ మాట్లాడి, బీమా కట్టి, సిసిలీలోని అగస్టా రేవు లెక్కన ధర చెబుతాడు. అజెరి లైట్ ధరను మార్కెట్ పత్రికలు సిఐఎఫ్ అగస్టాగానే ప్రకటిస్తాయి.

ఓడ మార్కెట్ చేతిలో ఉన్న ట్రేడర్‌కు సిఐఎఫ్ మేలు. చౌకగా ఓడ దొరికినప్పుడు ఆ మిగులు అతనిది. ఓడ దారి మధ్యలో గమ్యం మార్చి మంచి ధరకు అమ్ముకునే స్వేచ్ఛా ఉంటుంది. ఓడల విభాగం లేని, కొత్తగా మొదలైన ప్రభుత్వ కంపెనీ మాత్రం ఎఫ్ఓబీతోనే ఆరంభించాలని మా అభిప్రాయం. కిరాయి ఒక్కసారి ఎదురుతిరిగినా ఏడాది లాభం మింగేస్తుంది.

## నాలుగో దశ: లోడింగ్, కొలత, కాగితాలు

బావి నుంచి ఓడ దాకా వరుసగా ఏమేం జరుగుతాయి?

ముందు వచ్చే నెలల ఉత్పత్తి అంచనా వస్తుంది. దాన్నిబట్టి ఎవరికి ఎన్ని బ్యారెళ్ల హక్కో లెక్క కడతారు. వాటాదారులు తమ కార్గోలు కోరతారు. టెర్మినల్ అన్నిటినీ సర్ది లోడింగ్ నెలకు ముందే కార్యక్రమం విడుదల చేస్తుంది. ఒక కార్గోకు సరిపడా వాటా లేని చిన్న భాగస్వామి ఇతరులతో కలిసి ఎత్తుతాడు, లేదా కొంత ముందుగా తీసుకుని తర్వాత సర్దుబాటు చేస్తాడు.

తర్వాత కొనుగోలుదారు ఓడ పేరు ఇస్తాడు. టెర్మినల్ ఆ ఓడ వయసు, తనిఖీ నివేదికలు, పొడవు, లోతు చూసి ఒప్పుకోవాలి. ఓడ రావాల్సిన రెండు, మూడు రోజుల గడువును లేకాన్ అంటారు. ఆ గడువు దాటి వస్తే అమ్మేవాడికి నిరాకరించే హక్కు ఉంటుంది. ఓడ లంగరు చోటు చేరగానే, లోడింగ్‌కు సిద్ధమని తెలిపే నోటీస్ ఆఫ్ రెడీనెస్ ఇస్తుంది. మామూలుగా ఆరు గంటల తర్వాత లోడింగ్ గడియారం మొదలవుతుంది. చాలా కాంట్రాక్టుల్లో పెద్ద కార్గోకు 36 గంటలు ఇస్తారు.

ఒక ఓడలో ఎంత పడుతుంది?

ఆఫ్రామాక్స్ అనే రకం ట్యాంకర్‌లో సుమారు 6 లక్షల బ్యారెళ్లు, అంతకంటే పెద్దదైన సూయెజ్‌మాక్స్‌లో 10 లక్షలు. జెయ్‌హాన్ బీటీసీ జెట్టీ 2.6 కిలోమీటర్లు సముద్రంలోకి చొచ్చుకుపోతుంది, ఒకేసారి రెండు ఓడలు నింపుతుంది. ఒడ్డున ఏడు ట్యాంకులు, ఒక్కోటీ దాదాపు 10 లక్షల బ్యారెళ్లు. మన వాళ్లకు అర్థమయ్యే కొలత కావాలంటే, విశాఖపట్నంలో రాతి కింద ఉన్న వ్యూహాత్మక చమురు గుహల సామర్థ్యం 13.3 లక్షల టన్నులు. అది నిండాలంటే పది సూయెజ్‌మాక్స్‌లు కావాలి.

పది లక్షల బ్యారెళ్లని ఎవరు, ఎలా తేలుస్తారు?

అమ్మేవాడూ కొనేవాడూ కలిసి నియమించిన స్వతంత్ర ఇన్‌స్పెక్టర్. ఒడ్డు మీద మీటర్ లేదా ట్యాంకు మట్టం, ఓడలో ట్యాంకుల పైఖాళీ, రెండూ కొలుస్తారు. బిల్లుకు ఎక్కేది ఒడ్డు అంకె.

తప్పులు జరిగేది మూడు చోట్ల. మొదటిది ఉష్ణోగ్రత. క్రూడ్ ఒక్కో సెల్సియస్ డిగ్రీకి సుమారు 0.08 నుంచి 0.09 శాతం వ్యాకోచిస్తుంది. పది డిగ్రీలు తప్పు చదివితే పది లక్షల బ్యారెళ్లలో 8,000కు పైగా తేడా. అందుకే అంతా 15 డిగ్రీల సెల్సియస్‌కో 60 డిగ్రీల ఫారెన్‌హీట్‌కో మార్చి రాస్తారు. రెండోది నీరు, మట్టి. వీటిని తీసేసి నికర బ్యారెళ్లకే డబ్బు కడతారు. 0.1 శాతం నీరంటే వెయ్యి బ్యారెళ్లు. మూడోది ఓడలో అంతకుముందే మిగిలి ఉన్న చమురు. లోడింగ్‌కు ముందు దాన్ని కొలిచి రాయకపోతే అది కొత్త సరుకులో కలిసి కనిపిస్తుంది.

నమూనాను లోడింగ్ సాగినంతసేపూ పైపులోంచి చుక్క చుక్కగా యంత్రం తీసుకోవాలి. చివర్లో ట్యాంకు పైనుంచి ముంచి తీసిన ఒక్క సీసాను నమ్మి సంతకం పెట్టకూడదు. సీలు వేసిన సీసాలు టెర్మినల్‌లో, ఓడ మీద, ఇన్‌స్పెక్టర్ దగ్గర దాచాలి. తగాదా వస్తే కోర్టులో మాట్లాడేది ఆ సీసాలే.

ఓడ కదలడానికి ఏ కాగితాలు కావాలి?

ఒరిజినల్ బిల్ ఆఫ్ లేడింగ్, పరిమాణ ధ్రువపత్రం, నాణ్యత ధ్రువపత్రం, మూలదేశ ధ్రువపత్రం, కార్గో మేనిఫెస్టు, ఓడ ట్యాంకుల ఖాళీ నివేదిక, ప్రతి ఘట్టానికీ సమయాలు రాసిన టైమ్ షీటు. కజక్ చమురు కలిసే పైపు కాబట్టి, మూలదేశ పత్రంలో ఏ దేశపు పరిమాణం ఎంతో స్పష్టంగా ఉండాలి. 2022 తర్వాత రష్యన్ చమురు మీద ఐరోపా ఆంక్షలు వచ్చాక కొనేవాళ్ల బ్యాంకులు ముందు చూసేది ఆ కాగితమే.

## అయిదో దశ: డబ్బు

డబ్బు ఎప్పుడు, ఎలా వస్తుంది?

బిల్ ఆఫ్ లేడింగ్ తేదీ నుంచి 30వ రోజు అనేది పరిశ్రమ అలవాటు. పేరున్న కంపెనీకి నమ్మకం మీద ఇస్తారు. లేదంటే పెద్ద బ్యాంకు లెటర్ ఆఫ్ క్రెడిట్ (ఎల్‌సీ, అంటే కాగితాలు సరిగా ఉంటే డబ్బు కడతానన్న బ్యాంకు హామీ) తెరవాలి. అసలు కాగితాలు కొరియర్‌లో తిరుగుతుండగా ఓడ రేవు చేరిపోవడం మామూలే. అప్పుడు అమ్మేవాడు, నష్టం వస్తే తానే భరిస్తానని నష్టపూచీ లేఖ ఇచ్చి డబ్బు తీసుకుంటాడు. ఎల్‌సీలో తేదీలు, పరిమాణ పరిమితి, ఓడ పేరు స్పెల్లింగ్ లోడింగ్‌కు ముందే సరిచూడాలి. ఒక్క అక్షరం తేడాకు బ్యాంకు కాగితాలు వెనక్కి పంపుతుంది, కోట్ల డాలర్ల మీద వడ్డీ రోజులు నడుస్తాయి.

ఆ డబ్బు సోకార్ దగ్గరే ఉంటుందా?

ప్రభుత్వ లాభ చమురు డబ్బు ఉండదు. అది ప్రభుత్వ చమురు నిధి సోఫాజ్‌కు వెళ్లాలి. ఆ నిధి 1999లో ఏర్పడింది. అందులోంచి దేశ బడ్జెట్‌కు బదిలీలు జరుగుతాయి. సోకార్ సొంత వాటా చమురు డబ్బు మాత్రం కంపెనీ ఆదాయం. అమ్మే సంస్థ ఒకటే అయినా రెండు ఖాతాలు విడిగా నడవాలి. ఏ కార్గోలో ఎన్ని బ్యారెళ్లు ప్రభుత్వానివో ఇన్‌వాయిస్ స్థాయిలోనే విడదీయకపోతే తర్వాత ఏ ఆడిటరూ తేల్చలేడు. ఇది ప్రజల సొమ్ము. ఈ విభజనలో అలసత్వం కూడదు.

కార్గోలు తాకట్టు పెట్టి ముందే అప్పు తీసుకోవచ్చా?

తీసుకుంటారు, కానీ ధర పడితే ఉరి బిగుస్తుంది. చాద్ ప్రభుత్వం 2014లో చెవ్రాన్ చమురు వాటా కొనడానికి ట్రేడింగ్ కంపెనీ గ్లెన్‌కోర్ నుంచి వంద కోట్ల డాలర్లకు పైగా అప్పు చేసింది, చమురుతో తీర్చే షరతు మీద. అదే ఏడాది ధర కూలింది. తీర్చాల్సింది డాలర్లలో, ఇచ్చేది బ్యారెళ్లలో. కాబట్టి ధర సగమైతే రెట్టింపు కార్గోలు అప్పుకే పోవాలి. 2015లో, 2018లో మళ్లీ షరతులు సవరించుకోవాల్సి వచ్చింది. ఇలాంటి ఒప్పందంలో ధర ఇంతకంటే పడితే కిస్తీ వాయిదా పడుతుందన్న నిబంధన మొదటే రాయించుకోవాలి.

## ఆరో దశ: ఏం తప్పుతుంది

పైపు అకస్మాత్తుగా ఆగిపోతే?

2008 ఆగస్టు 5న టర్కీలోని ఎర్జింజాన్ ప్రాంతం, రెఫాహియె దగ్గర వాల్వ్ స్టేషన్‌లో మంటలు లేచి బీటీసీ ఆగింది. కొద్ది రోజులకే జార్జియాలో యుద్ధం, సుప్సా పైపూ మూసేశారు. బయటకు దారి లేక కాస్పియన్ క్షేత్రాల్లో ఉత్పత్తి తగ్గించాల్సి వచ్చింది. ఒకే దారి మీద ఆధారపడితే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు. నాణ్యత పోయినా, జలసంధి బెడద ఉన్నా, పాత పైపులను పనిచేసే స్థితిలో ఉంచుకోవడం అందుకే.

2023 ఫిబ్రవరి 6 భూకంపంలో పైపు తెగలేదు, కానీ జెయ్‌హాన్ టెర్మినల్ లోడింగ్ ఆగింది. ఫోర్స్ మజ్యూర్ (చేతిలో లేని విపత్తు వల్ల ఒప్పందం నెరవేర్చలేమన్న ప్రకటన) ప్రకటించారు. సుమారు వారానికి ఓడలు మళ్లీ నిండాయి. ఇక్కడ లెక్క ఇదీ: రోజుకు 6 లక్షల బ్యారెళ్లు వస్తుంటే, ఖాళీగా ఉన్న 70 లక్షల బ్యారెళ్ల ట్యాంకులు కూడా 12 రోజుల్లోపే నిండుతాయి. అవి అప్పటికే సగం నిండి ఉంటే అయిదారు రోజులే వ్యవధి. ఆ తర్వాత బావులు తగ్గించాలి.

చమురు కలుషితమైతే ఎలా తెలుస్తుంది, ఎవరు భరిస్తారు?

2025 జులైలో జెయ్‌హాన్‌లోని అజెరి బీటీసీ క్రూడ్‌లో సేంద్రియ క్లోరైడ్లు కనిపించి లోడింగులు ఆలస్యమయ్యాయి. ఇవి క్రూడ్‌లో సహజంగా ఉండవు. బావులు, పరికరాలు శుభ్రం చేసే ద్రావకాల నుంచి వస్తాయి. రిఫైనరీలో వేడెక్కినప్పుడు హైడ్రోక్లోరిక్ ఆమ్లంగా మారి స్వేదన స్తంభం పైభాగాన్ని, కండెన్సర్లను తినేస్తాయి. మామూలు ఉప్పును డీసాల్టర్ కడిగేస్తుంది, దీన్ని కడగలేదు. 2019లో రష్యా ద్రుజ్బా పైపులో ఇదే జరిగి ఐరోపా రిఫైనరీలు వారాల తరబడి ఆ చమురు నిలిపేశాయి.

మామూలు నాణ్యత పత్రంలో ఏపీఐ, గంధకం, నీరు, ఉప్పు ఉంటాయి. సేంద్రియ క్లోరైడ్ పరీక్ష విడిగా అడగాలి. కొనేవాడు కాంట్రాక్టులోనే అడగడం మంచిది. ట్రేడర్ చేయాల్సింది పైపులోకి దిగే ప్రతిచోటా నమూనా తీయించి పెట్టుకోవడం. కలిసిపోయాక ఎవరి వల్ల వచ్చిందో ఆ సీసాలు తప్ప వేరే సాక్ష్యం ఉండదు.

మైనం గడ్డకట్టి పైపు మూసుకుపోదా?

అజెరి లైట్‌తో ఆ ప్రమాదం తక్కువ. గోడలకు పట్టే మైనాన్ని పిగ్ అనే గీకుడు పరికరం పంపి తీస్తారు. దక్షిణ సూడాన్ దార్ బ్లెండ్ కథ వేరు, అది 30 డిగ్రీల పైనే గడ్డకడుతుంది. దారంతా వేడి చేస్తూ, ఆపకుండా తోయాలి. 2024 ఫిబ్రవరిలో యుద్ధం మధ్య పంపు స్టేషన్లకు డీజిల్ అందక చమురు పేరుకుపోయి పైపు పగిలింది. ఆ దారి దాదాపు ఏడాది ఆగింది.

ఓడ ఆలస్యమైతే డెమరేజ్ (ఓడను గడువు దాటి నిలిపినందుకు కట్టే సొమ్ము) ఎవరిది?

ఓడ సమయానికి వచ్చి, టెర్మినల్ ఖాళీ లేక నిలబడితే ఎఫ్ఓబీ అమ్మకందారు చెల్లించాలి. ఓడే ఆలస్యంగా వచ్చినా, దాని పంపులు, కవాటాలు చెడినా ఆ సమయం లెక్కలోకి రాదు. రోజుకు 40,000 డాలర్ల రేటుకు రెండున్నర రోజులంటే లక్ష డాలర్లు. క్లెయిముకు కాంట్రాక్టు గడువు ఉంటుంది, చాలాచోట్ల 90 రోజులు. కాగితాలతో సహా ఆలోపు పంపకపోతే న్యాయమైన క్లెయిము కూడా చెల్లదు.

## ఏడో దశ: భారత్ దాకా

జెయ్‌హాన్ నుంచి మన రిఫైనరీలకు ఏ దారి?

నిండు సూయెజ్‌మాక్స్ సూయెజ్ కాలువ, ఎర్ర సముద్రం మీదుగా పశ్చిమ తీరానికి పన్నెండు రోజుల లోపు చేరగలదు, విశాఖకు ఇంకొన్ని రోజులు. 20 లక్షల బ్యారెళ్లు పట్టే వీఎల్‌సీసీ అనే భారీ ట్యాంకర్ పూర్తిగా నిండితే మునిగే లోతు కాలువకు ఎక్కువ, అది ఆఫ్రికా చుట్టి రావాలి. 2023 చివర్లో ఎర్ర సముద్రంలో ఓడల మీద దాడులు మొదలయ్యాక సూయెజ్‌మాక్స్‌లు కూడా చాలావరకు కేప్ దారి పట్టాయి. ఆ దారి మూడు రెట్ల కంటే ఎక్కువ దూరం. కిరాయి, బీమా, దారిలో ఇరుక్కున్న డబ్బు మీద వడ్డీ కలిపితే తేలిక క్రూడ్‌కు పశ్చిమాఫ్రికా, అమెరికా సరుకు పోటీకి వస్తుంది. అజెరి లైట్ మనకు ప్రతినెలా రాకపోవడానికి కారణం నాణ్యత కాదు, ఈ కిరాయి లెక్క.

ఓఎన్‌జీసీ విదేశ్‌కు అక్కడ వాటా ఉంది కదా, ఆ చమురు మనకే రావాలి కదా?

రావాలనే నియమం లేదు. భారత ప్రభుత్వ కంపెనీ ఓఎన్‌జీసీ విదేశ్ 2013లో అమెరికా చమురు కంపెనీ హెస్ నుంచి అజెరి-చిరాగ్-గునెష్లిలో 2.72 శాతం, బీటీసీలో 2.36 శాతం కొంది. 2017 పొడిగింపులో క్షేత్రపు వాటా 2.31కి తగ్గింది. 2024లో నార్వే కంపెనీ ఈక్వినార్ నుంచి 0.615 శాతం, పైపులో 0.737 శాతం అదనంగా తీసుకుంది. ఇంత వాటాకు ఒక సూయెజ్‌మాక్స్ నిండడానికి చాలా వారాలు పడుతుంది. దాన్ని దూరం మోసుకొచ్చే బదులు మధ్యధరాలో అమ్మి, ఆ డబ్బుతో దగ్గర్లో దొరికే క్రూడ్ కొనడమే లాభసాటి. ఆ కంపెనీకి వాటా ఇచ్చే మేలు ఇంకోటి కూడా ఉంది: తన బ్యారెళ్లు వెళ్లే పైపులో తానూ యజమాని కాబట్టి, కట్టే టారిఫ్‌లో కొంత డివిడెండుగా వెనక్కి వస్తుంది.